కొసపల్లె మన్ను

సిరిగోన సంస్థానాన్ని ఏలే నరసింగనాయడు మంచివాడే, భక్తుడే, కానీ సభలో వాదన గెలిచినవాడిదే న్యాయమని నమ్మేవాడు.

ఆ నమ్మకం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉండేది. పొద్దున్నే ఎవరైనా "ఈరోజు ఎండ ఎక్కువగా ఉంది ప్రభూ" అంటే చాలు, "ఎక్కువని ఎలా నిరూపిస్తావు?" అని మీసం దువ్వేవాడు. సభలో ఎదురెదురుగా రెండు పీటలు వేయించేవాడు. ఒక పీట మీద కూర్చున్నవాడు "అవును" అనాలి, రెండో పీట మీదివాడు "కాదు" అనాలి. సాయంత్రానికి ఎవరు గెలిస్తే వాళ్ల మాటే మర్నాడు ఉత్తరువై బయటికి వచ్చేది. గెలిచినవాడికి శాలువా. ఓడినవాడికి మజ్జిగ.

వెనక కూర్చున్న తల్లులారా, వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముందువరుసకు వినపడితే సరిపోదు. ఈ కథ అసలు వెనకవరుస వాళ్లదే!

సిరిగోనకు కొండేరు అని ఒక ఏరు ఉండేది. దాని మీద పెద్దలు ఎప్పుడో ఆనకట్ట కట్టి, ఒక కాలువ తవ్వించారు. తెల్లవారి బయలుదేరిన మనిషి పొద్దుగూకేసరికి గానీ ఆ కాలువ చివరికి చేరలేడు, అంత పొడవు. దాని మీద ఏడు ఊళ్లు బతికేవి. మొదటిది గట్టూరు, ఆనకట్టకు ఆనుకునే ఉండేది. అక్కడ ఎటు చూసినా చెరుకు తోటలు. ఏడోది కొసపల్లె. అక్కడ నలభై గడపలు, ఎర్రనేల, గడప గడపకూ ఒక చిన్న వరిమడి. ఏటా పునర్వసు కార్తెలో కొండేరు నిండగానే ఆనకట్ట దగ్గర తూము ఎత్తేవారు. నీళ్లు ఒక్కో ఊరూ దాటుకుంటూ కొసపల్లెకు రావాలి. రావాలి మరి! కొన్నేళ్లుగా రావడం లేదు.

కాలువ బాధ్యత సర్కారు కచేరీది. ఆ కచేరీని నడిపే పేష్కారు గుండోపంతు. నిజాయితీపరుడు. ఒకరి మామిడిపండు కూడా ఊరికే తీసుకునేవాడు కాదు. అయితే కాగితం మీద లేనిది లోకంలోనే లేదని ఆయన లెక్క. ఒకసారి మూడో ఊరి దగ్గర ఎండ్రకాయలు కాలువ గట్టుకు బొక్క పెట్టాయి. కావలివాడు పరుగున వచ్చి చెప్పాడు.

"బొక్క ఎంత?" అన్నాడు గుండోపంతు.

"పిడికిలంత సామీ."

"రాసివ్వు."

రాసిచ్చాడు. అర్జీ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచింది. దాని మీద ఒక ముద్ర, ఆ ముద్ర సరైనదేనని ఇంకో ముద్ర. పన్నెండో రోజున పిడికెడు మట్టి వేయమని ఉత్తరువు వచ్చింది. అప్పటికి ఆ బొక్కలోంచి ఎద్దు దూరిపోతోంది!

"సామీ, ఇప్పుడు నలభై బండ్ల మట్టి కావాలి!" అని కావలివాడు మొత్తుకున్నాడు.

"ఉత్తరువులో పిడికెడు అని ఉంది కదయ్యా" అన్నాడు గుండోపంతు, ఎంతో జాలిగా.

ఆ ఏడు కొసపల్లెకు చుక్క రాలేదు. కచేరీ దస్త్రంలో మాత్రం "ఏడు ఊళ్లకూ నీరు చేరినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. ఎందుకంటే తూము ఎత్తిన రోజున ఆ మాట రాయడం అక్కడి ఆనవాయితీ.

ఊళ్లు గగ్గోలు పెట్టాయి. రాజుకు కావలసింది అదే! వెంటనే రెండు పీటలు వేయించాడు. కాలువ సర్కారు చేతిలో ఉండాలా, గుత్తకు ఇవ్వాలా అన్నది వాదం. సర్కారు పక్షాన గుండోపంతు కూర్చున్నాడు. గుత్త పక్షాన వీరభద్రప్ప కూర్చున్నాడు. ఆయన బండ్లు నడిపి, రాతిపని చేయించి, సొంత తెలివితో పైకొచ్చిన గుత్తేదారు.

గుండోపంతు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, సర్కారంటే తల్లి. ఏ తల్లి అయినా బిడ్డ పాలను గుత్తకు ఇస్తుందా?"

సభ అంతా "ఆహా" అంది. వీరభద్రప్ప లేచి నిలబడ్డాడు.

"తల్లే పంతులుగారూ, నేను కాదనను. కానీ ఈ తల్లికి బిడ్డ ఏడుపు వినపడాలంటే అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ మీద రెండు ముద్రలూ పడేసరికి బిడ్డకు మీసాలొస్తున్నాయి!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగకముందే శాలువా వీరభద్రప్ప భుజాల మీద పడింది. కాలువ గుత్తకు వెళ్లిపోయింది.

అబ్బ, ఏం పనిమంతుడనుకున్నారు! తెల్లవారకముందే పంచె ఎగ్గట్టి గట్టు మీద నడిచేవాడు. మధ్యాహ్నం కనపడిన బొక్క సాయంత్రానికి పూడిపోయేది. తుప్పు పట్టిన తూముతలుపులు నూనె రాసుకుని నున్నగా లేచేవి. నాచు పోయింది, తుమ్మకంప పోయింది, కాలువ కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. మొదటి ఊరు, రెండో ఊరు, మూడో ఊరు... ఆరో ఊరి దాకా నీళ్లు గలగలలాడుతూ వచ్చాయి. ఆరో ఊరివాళ్లు వీరభద్రప్పను బండెక్కించి ఊరేగించారు కూడా!

ఆరో ఊరి తూము దగ్గర మాత్రం తలుపు దిగిపోయింది.

కొసపల్లెలో ఓబుళమ్మ అని ఒక రైతు ఉండేది. అరవై ఏళ్లు. నడిస్తే మంచి వయసులో ఉన్నవాళ్లు వెనకబడేవారు. ఆమె తాత ఆ కాలువకు నీరటి, అంటే ఏ మడికి ఎంత నీరు వదలాలో చూసే మనిషి. ఓబుళమ్మ ఆరో ఊరి తూము దగ్గరికి వచ్చి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏమప్పా, మా ఊరు ఈ కాలువ మీద లేదా?"

"ఎందుకు లేదక్కా!" అన్నాడు వీరభద్రప్ప మర్యాదగా. "కానీ ఇక్కడి నుంచి మీ ఊరి దాకా అంతా ఇసుకనేల. పది కడవలు వదిలితే నాలుగు చేరతాయి. ఆరు కడవలు ఇసుక తాగేస్తుంది. గట్టూరు చెరుకు తోటలవాళ్లు అవే నీళ్లకు రెట్టింపు ధాన్యం కొలుస్తామంటున్నారు. నువ్వే నా చోట ఉంటే ఏం చేస్తావు, చెప్పు?"

"నీ చోట నేనుంటే ఏం చేస్తానో నాకు తెలియదు నాయనా. నా చోట నువ్వుంటే ఏం చేస్తావో చెప్పు."

వీరభద్రప్ప చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. కానీ గుత్తేదారు తల గోక్కుంటే మడిలోకి నీళ్లు రావు కదా! ఆ ఏడు కూడా కొసపల్లె ఎండింది. నలభై గడపల్లో పది గడపలవాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లిపోయారు.

మూడో ఏడు వచ్చింది. మిగిలిన ముప్పై గడపలూ ఆశ చంపుకోలేక నారు పోశాయి. ఆడవాళ్లు బావి నుంచి కడవలతో మోసి ఆ నారును బతికించారు. నారు పచ్చగా జానెడు లేచింది. పునర్వసులో తూము ఎత్తారు. ఆరు ఊళ్లలో నాట్లు అయిపోయాయి. కొసపల్లె కాలువలో తొండలు పరిగెత్తుతున్నాయి. బావి అడుగంటింది. ఓబుళమ్మ నారు పీకి చూసింది.

"ఇంకో ఏడు రోజులు. ఆ తర్వాత ఈ నారు ముదిరిపోతుంది, నాటినా గింజ పట్టదు" అంది. "అప్పుడు మనమూ బండ్లు కట్టడమే."

సరిగ్గా ఆ రోజే సిరిగోనలో దండోరా మోగింది. రాజుగారు మళ్లీ వాదం పెట్టారట! సర్కారా, గుత్తా? ఈసారి మూడు రోజులట! గుండోపంతు కొత్త శ్లోకాలు వల్లె వేస్తున్నాడట! వీరభద్రప్ప కొత్త చమత్కారాలు సిద్ధం చేసుకుంటున్నాడట!

ఓబుళమ్మ చీరకొంగులో ఏదో మూట కట్టుకుని సిరిగోన దారి పట్టింది.

సభ వాకిట్లో వెండిబెత్తం పట్టుకున్న బంట్రోతు ఆమెను ఆపాడు. "ఏ పక్షం? సర్కారు పక్షమైతే కుడివైపు కూర్చో. గుత్త పక్షమైతే ఎడమవైపు."

"నాది కొస పక్షం."

"అలాంటి పక్షం లేదే!"

"ఉంది నాయనా. మీ సభకు కనపడనంత దూరంలో ఉంది, అంతే."

ఆ మాట రాజు చెవిన పడింది. కొత్త పక్షం అనగానే ఆయన కళ్లు వెలిగాయి. "రానివ్వండి! రానివ్వండి! మూడో పీట వెయ్యండి!" అని కేకేశాడు.

ఓబుళమ్మ పీట మీద కూర్చోలేదు. తిన్నగా రాజు ముందుకు నడిచి, కొంగు విప్పి, గుప్పెడు ఎర్రటి దుమ్ము ఆయన పాదాల ముందు పోసింది.



"ఏమిటిది?" అన్నాడు రాజు.

"మా ఊరి స్వామి మడి మన్ను దొరా. ఒకప్పుడు మా తాత మీ తాతగారికి తెచ్చి ఇచ్చిన మన్నే. ఆ రోజుల్లో తడిగా ఉండేది."

నరసింగనాయడి మీసం మీది చెయ్యి కిందికి జారింది.

పిల్లలూ, ఇప్పుడు మీకు స్వామి మడి సంగతి చెప్పాలి. జాగ్రత్తగా వినండి, కథ అంతా దాని మీదే తిరుగుతుంది. సిరిగోన కొండ మీద నరసింహస్వామి వెలిశాడు. ఆయన నైవేద్యానికి పెద్దలు ఒక వరిమడి వదిలారు. ఎక్కడ? ఆనకట్ట కింద కాదు. కాలువకు ఆ చివర, కొసపల్లెలో, అన్ని మళ్ల తర్వాత ఉన్న ఆఖరి మడి! దానితోపాటు ఒక నియమమూ పెట్టారు. కాలువ తూము ఎత్తిన రోజు నుంచి స్వామి మడిలో నాటు పడేదాకా రాజు అన్నం ముట్టకూడదు. కాలువ పెత్తనం ఎవరిదో వాళ్లూ ముట్టకూడదు. రాగిసంగటి తినవచ్చు, మజ్జిగ తాగవచ్చు. వరి అన్నం మాత్రం కూడదు. నాటు పడగానే కొసపల్లె నీరటి ఆ మడిలోంచి గుప్పెడు బురద తీసుకుని, నడిచి వచ్చి, రాజు అరచేతిలో పెట్టేవాడు. ఆ తడి చూశాకే కోటలో విస్తరి వేసేవారు.

మరి అంత చక్కటి నియమం ఏమైంది? నరసింగనాయడు గద్దెనెక్కిన కొత్తలోనే దాన్ని వాదనలో ఓడించాడు! "సకల లోకాలకూ నాథుడైన స్వామికి చివరి నీళ్లా? ఎంత అపచారం! స్వామికి మొదటి నీళ్లు అందాలి!" అని గర్జించాడు. ఎదురు చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది? సభ అంతా చేతులెత్తి మొక్కింది. మర్నాడే స్వామి మడి గట్టూరుకు, సరిగ్గా తూము పక్కకు మారిపోయింది. ఆ ఏటి నుంచి పొద్దున తూము ఎత్తడం, గంటలో స్వామి మడి తడవడం, నాటు వేయడం, మధ్యాహ్నానికల్లా రాజుగారికి పులిహోర, గుండోపంతుకు పులిహోర, ఆ తర్వాత వీరభద్రప్పకూ పులిహోర!

"స్వామికి చివరి నీళ్లు ఇవ్వడం అపచారం కాదంటావా?" అన్నాడు రాజు. గొంతులో పాత గర్జన లేదు.

"దొరా, నాకు వాదం రాదు" అంది ఓబుళమ్మ. "మా ఇళ్లలో అమ్మ అందరికీ వడ్డించి చివర్న కూర్చుంటుంది. చివర్న తింటుంది కాబట్టే చిన్నదానికి ముద్ద అందిందా, ముసలాయనకు మజ్జిగ మిగిలిందా అని చూస్తుంది. మా స్వామి అమ్మలాంటివాడు. కోరి చివర్న కూర్చున్నాడు. మీరు చెయ్యి పట్టుకుని లేపి, ఆయన్ని ముందు పంక్తిలో కూర్చోబెట్టారు. ఇక మా పంక్తి వైపు చూసేదెవరు?"

రాజు వంగి ఆ దుమ్మును వేళ్లతో తాకాడు.

"ఓబుళమ్మా, స్వామి సాక్షిగా నిజం చెబుతున్నాను" అన్నాడు మెల్లగా. "నేను గద్దెనెక్కిన ఏడు కాలువ నీళ్లు కొసకు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులు సంగటి తిన్నాను. పదో రోజు సభలో వాదించాను. ఆ వాదించింది నా భక్తి కాదు తల్లీ. నా కడుపు. భక్తి దానికి కప్పిన శాలువా."

ఆపైన చటుక్కున లేచి నిలబడ్డాడు. "స్వామి మడి ఈ క్షణమే కొసపల్లెకు తిరిగి వెళుతోంది! అక్కడ నాటు పడి, తడి మన్ను నా చేతికి వచ్చేదాకా నేను అన్నం ముట్టను. కాలువ పెత్తనం నాదంటే నాదని మీరిద్దరూ కొట్టుకుంటున్నారుగా, మీరూ ముట్టకూడదు!"

"ప్రభూ, నాకు పైత్యం... సంగటి పడదు..." అని గుండోపంతు నసిగాడు.

"ఇవాళ మా ఇంట్లో అల్లుడికి విందు..." అని వీరభద్రప్ప గొణిగాడు.

"అల్లుడు తింటాడులే. నువ్వు వడ్డించు!" అన్నాడు రాజు.

ఇక చూడండి సంబరం! మొదటి రోజు ముగ్గురూ సంగటి ముద్దలు మింగి ఎవరింట్లో వాళ్లు పడుకున్నారు. రెండో రోజు పొద్దున్నే ఎవరూ పిలవకుండానే ముగ్గురూ కాలువ గట్టు మీద కలిశారు! గుండోపంతు దస్త్రాలన్నీ ఒక బండికెత్తించి, ఆ బండినే కచేరీ చేసుకున్నాడు. మోకాలి మీద కాగితం పెట్టి అక్కడికక్కడే ఉత్తరువులు రాస్తున్నాడు.

"అయ్యా, దీనికి అర్జీ రాలేదు కదా?" అన్నాడు గుమాస్తా, అలవాటు కొద్దీ.

"నా కడుపే అర్జీ! ముద్ర వెయ్యి!" అని అరిచాడు గుండోపంతు.

గట్టూరులో చెరుకు తోటలవాళ్లు కాలువకు దొంగగండ్లు కొట్టుకున్నారు. వీరభద్రప్ప వెళ్లి పూడ్చమంటే వాళ్లు నవ్వారు. "నువ్వు గుత్తేదారువు. మా చేను గట్టు మీద నీ పెత్తనమేమిటి?" అన్నారు. గుండోపంతు బండి వచ్చి ఆగింది. సర్కారు ముద్ర చూడగానే వాళ్ల నవ్వులు ఆగిపోయాయి, గండ్లూ మూసుకుపోయాయి. రాజు స్వయంగా కర్ర పట్టుకుని తూము దగ్గర కాపలా కూర్చున్నాడు. మూడో రోజు దాటేసరికి కొసపల్లె వాటా నీళ్లు కూడా ఆరో ఊరి దాకా నిండుగా వచ్చాయి.

తర్వాత ఇసుకనేల. అక్కడ గుండోపంతు చేతులెత్తేశాడు. ఇసుకకు ఉత్తరువు రాస్తే వింటుందా? ఈసారి వీరభద్రప్ప ముందుకొచ్చాడు. "కాలువ అడుగున బంకమట్టి పరిచి, ఎద్దులతో తొక్కిస్తే ఇంకదు. అరవై బండ్లు దించుతాను. రెండు రోజుల పని" అన్నాడు.

"ఇంత సులువైన పని పోయినేడు ఎందుకు చేయలేదప్పా?" అంది ఓబుళమ్మ.

వీరభద్రప్ప తల దించుకున్నాడు. "పోయినేడు నేను అన్నం తిన్నానక్కా" అన్నాడు.

అరవై బండ్లు కదిలాయి. ఆరు ఊళ్లవాళ్లూ పారలు పట్టుకుని వచ్చారు. కొసపల్లె ఆడవాళ్లు తట్టలెత్తారు. "గోవిందా!" అంటే "గోవిందా!" అంటూ బంకమట్టి తొక్కారు. నాలుగో రోజు, అయిదో రోజు గడిచాయి. ఆరో రోజు పొద్దున ఆరో ఊరి తూము లేచింది.

నీళ్లు వస్తున్నాయి! ఎర్రగా, నురగలు కక్కుతూ, ఎండుటాకులను ముందుకు తోసుకుంటూ వస్తున్నాయి! మనుషులు గట్టు మీద నీళ్లతోపాటు పరిగెత్తుతున్నారు. కుక్కలు పరిగెత్తుతున్నాయి. తలపాగా ఊడిపోయినా రాజు పరిగెత్తుతున్నాడు! ఇంకో రెండు వంకరలు తిరిగితే స్వామి మడి. ఇంకో వంకర...

అప్పుడు తెగింది గట్టు. ఆ చివరి వంకర దగ్గర మూడేళ్లుగా ఎండి బీటలు వారిన గట్టు ఒక్కసారిగా నోరు తెరిచింది. నీళ్లన్నీ బీడులోకి దూకాయి. ఓబుళమ్మ ఆ గండిలోకి దిగి అడ్డంగా నిలబడింది. ఆమె పక్కన వీరభద్రప్ప దూకాడు.

"మట్టి నిలవదు, కొట్టుకుపోతుంది! బరువైనదేదైనా వెయ్యండి! మూటలు! మూటలు!" అని అరిచాడు.

మూటలెక్కడివి? ధాన్యం పండి మూడేళ్లయిన ఊళ్లో గోనెసంచి కూడా లేదు. అందరూ అటూ ఇటూ చూశారు. గుండోపంతు తన బండి వైపు చూశాడు. ఎర్రగుడ్డల్లో బిగించి కట్టిన దస్త్రాల మూటలు, వరసగా, ముప్పై ఏళ్లవి!

మరుక్షణం మొదటి మూట ఎత్తి గండిలోకి విసిరాడు.

"అయ్యో, దస్త్రాలు!" అన్నాడు గుమాస్తా.

"ఏడు ఊళ్లకూ నీరు చేరినది అని ఏటేటా వీటిలోనే రాశానయ్యా!" అన్నాడు గుండోపంతు, కళ్ల నీళ్లతో నవ్వుతూ. "ఈ ఏడైనా ఆ రాత నిజం కానీ! పట్టు, రెండో మూట!"

మూట మీద మూట, వాటి మీద బంకమట్టి, దాని మీద కంప పడ్డాయి. నీళ్లు కాసేపు తటపటాయించి, మళ్లీ కాలువలోకి తిరిగాయి. చివరి వంకర తిరిగాయి. స్వామి మడి గట్టు తాకాయి. పగుళ్లలోకి బుడబుడమంటూ దిగాయి. మూడేళ్ల దాహం కదూ, ఆ మడి తాగుతుంటే చప్పుడు వినపడింది! ముందు తాగింది, తర్వాత నిండింది.

వెంటనే మడి దున్ని, తొక్కి, అదును చేశారు. ఓబుళమ్మ తను కాపాడుకున్న, ఇంకా ముదరని నారు కట్ట విప్పి, స్వామి పేర మొదటి మొక్క నాటింది. వంగి గుప్పెడు బురద తీసింది. నలభై అడుగులు నడిచి వచ్చి రాజు అరచేతిలో పెట్టింది. తడి ఆయన వేళ్ల సందుల్లోంచి కారింది. నరసింగనాయడు ఆ బురదను కళ్లకద్దుకుని, బొట్టులా నుదుట పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం కొసపల్లె గట్టు మీదనే అన్నం వండారు. విస్తళ్లు వేశారు. రాజును మొదటి విస్తరి దగ్గరికి రమ్మని పిలిచారు. ఆయన రాలేదు. కొంగు బిగించిన ఆడమనిషిలా ఉత్తరీయం నడుముకు చుట్టి వడ్డనకు దిగాడు. గుండోపంతు ఉప్పు వేశాడు. వీరభద్రప్ప మజ్జిగ పోశాడు. అందరూ తిన్నాక ముగ్గురూ ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. గుండోపంతుకు పైత్యం సంగతి గుర్తే రాలేదు!

తింటూ తింటూ ఒక సభికుడు అడిగాడు. "ప్రభూ, ఇంతకీ వాదంలో ఎవరు గెలిచినట్టు? సర్కారా, గుత్తా?"

నరసింగనాయడు ఆ పాత ఉత్సాహంతో మీసం మీద చెయ్యి వేయబోయాడు. చేతికి అన్నం ఉంది. నవ్వి దించేశాడు.

"గట్టుపని వీరభద్రప్ప చేస్తాడు. ఏ ఊరికి ఎంత నీరో గుండోపంతు చూస్తాడు. రేపు వీళ్లు పోయి వేరేవాళ్లు రావచ్చు, పని ఒకరి చేతిలో నుంచి ఇంకొకరి చేతిలోకి మారవచ్చు. అది ఎప్పటికప్పుడు సభ తేలుస్తుంది. కానీ స్వామి మడి మాత్రం కొసపల్లె దాటి కదలదు. ఆ నియమం మీద ఇక వాదం లేదు. ఓబుళమ్మ తెచ్చిన మన్ను తడిగా ఉంటేనే మాకు విస్తరి."

ఆ ఏడు ముప్పై గడపల మళ్లూ పండాయి. సంక్రాంతి దాటేలోగా వెళ్లిపోయిన పది బండ్లూ తిరిగొచ్చాయి. మరుసటి ఏడు తూము ఎత్తాక కొసపల్లెకు నీళ్లు ఎన్ని రోజుల్లో చేరాయో తెలుసా? రెండే రెండు రోజుల్లో! ఆకలికి అంత చురుకు ఉంది మరి. కొండ మీద స్వామి ఇదంతా చూసి తప్పక నవ్వుకునే ఉంటాడు. ఆయన కోరుకున్న ఆఖరి చోటు ఆయనకు దక్కింది.

అదిగో, ఆ చివర స్తంభం పక్కన కూర్చున్న అమ్మా, నీకు వినపడిందా? తల ఊపావు కదూ. అయితే నా కథ అందరికీ చేరినట్టే. ఇక నీతి వినండి: పదిమందీ బతికే పనిని సర్కారు నడిపినా, వ్యాపారి నడిపినా, నడిపేవాడి అన్నం ఆఖరి వరుసలో ఉన్నవాడి అన్నంతో ముడిపడి ఉన్నప్పుడే ఆ పని అందరికీ అందుతుంది.